స్నానాల గదిలో రెండు తెరలు

వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలోని పాత ఇళ్ళను చూచినవారికి స్నానానికి పెరట్లో వేరే చోటు ఉండడం తెలిసిన విషయమే. బావి ప్రక్కన పరచిన నాలుగు షాబాదు బండలు, చుట్టూ ఒక తాటాకు తడక, మూలకు ఒక మోరీ - ఇంతే దాని ఏర్పాటు. నీళ్ళు ఎటు చిందినా ఎవరికీ చింత లేదు. ఎండ, గాలి తగిలి కొంతసేపటికే బండలు ఆరిపోయేవి. నేడు పట్టణంలో లేచిన అంతస్తుల ఇళ్ళలో ఈ ఏర్పాటు సాధ్యం కాదు. స్నానం, మరుగుదొడ్డి, ముఖం కడుగుకొనే తొట్టి, నీళ్ళు కాచే గీజరు - ఈ నాలుగూ ఒకే చిన్న గదిలో ఇమడవలసి వచ్చింది. తలపైనుండి షవరు పడుతుంటే ఆ నీరు గది అంతా చిందుతుంది. ఒకరు స్నానం చేసి వచ్చిన పిమ్మట, ఇంటిలోని పెద్దలు తెలియక ఆ గదిలో అడుగు పెడతారు. నున్నని పలక మీద నీటిపొర, దానిపై సబ్బు జిగురు - కాలు జారడానికి ఇంతకన్న ఏమి కావలె? వృద్ధాప్యంలో ఎముకలు పెళుసుబారి ఉంటాయి. ఒక్క జారుపాటుతో తుంటి ఎముక విరిగి, నెలల తరబడి మంచం పట్టినవారు ఎందరో ఉన్నారు.

ఈ చిక్కుకు అనేకులు ఎన్నుకొంటున్న ఉపాయం తెర. గదిని తడి భాగం, పొడి భాగం అని రెండుగా చీల్చి, నడుమ ఒక కడ్డీ బిగించి, దానికి తెర వ్రేలాడదీస్తారు. చూడడానికి ఇది పిల్లలు కూడ చేయగల పని. కాని తెర తగిలించిన వారంలోగా చాలా ఇళ్ళలో మూడు ఫిర్యాదులు వినిపిస్తాయి. తెర క్రిందినుండి నీరు బయటికి వస్తున్నది. స్నానం చేస్తుండగా తెర లోపలికి వచ్చి ఒంటికి అంటుకొంటున్నది. కడ్డీ ఊడి నెత్తిన పడుతున్నది. ఈ మూడింటికీ కారణాలు ఉన్నత పాఠశాలలో చెప్పే భౌతికశాస్త్రంలోనే ఉన్నాయి. ఆ కారణాలు తెలిసికొని తగిలించిన తెర చెప్పినట్లు వింటుంది.

రెండు తెరలు ఎందుకు?

సరిగా కట్టిన స్నానపు తెర ఒకటి కాదు, రెండు. బయటివైపు కనబడేది గుడ్డ తెర. లోపల, నీరు పడే వైపున ఉండేది పలుచని ప్లాస్టిక్ తెర. దీనిని అంగళ్ళలో లైనర్ అంటారు. దర్జీల మాటలో చెప్పాలంటే ఇది తెరకు వేసిన అస్తరు. గుడ్డకు చేతగాని పనిని ప్లాస్టిక్, ప్లాస్టిక్కుకు చేతగాని పనిని గుడ్డ చేయడమే ఈ జంట ఏర్పాటులోని రహస్యం.

వరంగల్లు వారికి ప్రత్తిని గూర్చి వేరే చెప్పనక్కరలేదు. ఎనుమాముల మార్కెట్టుకు ఏటేటా ప్రత్తి బండ్లు బారులు తీరి వస్తాయి. 1934లో ఇక్కడ నెలకొల్పిన ఆజంజాహి మిల్లు, తరువాతి కాలంలో మూతపడినా, పట్టణపు చరిత్రలో నిలిచిపోయింది. కొత్తవాడలో నేసే నూలు జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ జంపఖానాను స్నానాల గది గుమ్మం ముందు పరచి దానిపై చెంబెడు నీళ్ళు పోస్తే ఏమవుతుంది? నీరు జారిపోదు, క్షణంలో నూలు దానిని పీల్చివేస్తుంది. ప్రత్తి పోగు దాదాపు పూర్తిగా సెల్యులోజ్ అనే పదార్థంతో ఏర్పడినది. సెల్యులోజ్ అణువు నిడివి పొడుగునా ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జంటలు ఉంటాయి. ఇవి నీటి అణువులను తమవైపు లాగుకొంటాయి. అదిగాక పోగుకూ పోగుకూ నడుమ వెండ్రుక కంటె సన్నని సందులు ఉంటాయి. సందు ఎంత సన్ననిదైతే నీరు దానిలో అంత ఎత్తుకు ప్రాకుతుంది. దీపపు వత్తిలో నూనె ఎగబ్రాకే కేశాకర్షణ ధర్మం ఇదే. అందువల్ల ఒక్క గుడ్డ తెర మాత్రమే కడితే అది నీటిని ఆపదు. త్రాగి బరువెక్కి, బయటివైపున బొట్లు బొట్లుగా విడుస్తుంది.

ప్లాస్టిక్ తత్త్వం దీనికి విరుద్ధం. 1933లో ఇంగ్లండులోని ఒక రసాయన పరిశ్రమ ప్రయోగశాలలో అనుకోకుండా చేత చిక్కిన పాలిథీన్‌లో కార్బన్, హైడ్రోజన్ తప్ప వేరొకటి లేదు. ఆ గొలుసులకు నీటి అణువులమీద ఆకర్షణ చాలా తక్కువ. నీటి అణువులు తమలో తామే గట్టిగా పట్టుకొని, తలతన్యత వల్ల గుండ్రని బొట్లై, తామరాకుమీద వలె క్రిందికి దొర్లిపోతాయి. స్నానపు తెరకు కావలసిన గుణం ఇదే. మరి గుడ్డ తెర దేనికి? పలుచని ప్లాస్టిక్ చిన్నపాటి గాలికే కదిలిపోతుంది. గోటి గీతకు చిరుగుతుంది. మరుగు కూడ అంతగా ఇవ్వదు. గుడ్డ తెర మరుగునిస్తుంది, గది పొడి భాగం నుండి తగిలే ఒరపిడిని తాను భరిస్తుంది. లైనరు పాతబడితే దానిని మాత్రం మార్చుకోవచ్చు. గుడ్డ తెర ఏండ్ల తరబడి నిలుస్తుంది.

లైనర్లలో పాలీవినైల్ క్లోరైడుతో చేసినవి కూడ ఉన్నాయి. ఈ పదార్థం సహజంగా బిరుసైనది. దానిని మెత్తబరచే ద్రవ్యాలు కలుపుతారు. ఈ పద్ధతిని 1926లో అమెరికా రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్ కనిపెట్టినాడు.  మెత్తబరచే ఈ ద్రవ్యాలు క్రమంగా తగ్గిపోయిన కొలది తెర బిరుసెక్కి పగుళ్ళు తీస్తుంది. పాలిథీన్ జాతి లైనర్లకు ఈ మెత్తబరచే ద్రవ్యాల అవసరం లేదు.

కొలతలు

కడ్డీ కొనక ముందు చేయవలసిన పని నేల వాలు చూడడం. షవరు క్రింద నేల మోరీ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలి ఉంటే నీరు నిలువదు. ఒక గోళీని నేలమీద వదలితే అది ఎటు దొర్లుతుందో చూచి వాలు తెలిసికోవచ్చు. గోళీ తలుపు వైపు దొర్లితే ఎంత మంచి తెర కట్టినా ప్రయోజనం లేదు. తెర ఆపగలిగేది గాలిలో ఎగిరే నీటినే గాని, నేలమీద పారే నీటిని కాదు. దానిని ఆపడానికి తడి భాగం అంచున రెండు మూడు అంగుళాల గట్టు కట్టించవలె.

లైనరు అడుగు అంచు ఈ గట్టుకు లోపలివైపు, గట్టు తల కంటె క్రిందికి దిగి ఉండవలె. అప్పుడే దానిమీదుగా జారిన నీరు మోరీ వైపు పోతుంది. గుడ్డ తెర గట్టుకు బయట ఉండవలె, నేలను తాకరాదు. తాకిందంటే కేశాకర్షణ వల్ల నేలమీది తడిని పైకి పీల్చుకొంటుంది. చాలా ఇళ్ళలో ఈ రెండు తెరలనూ కలిపి గట్టుకు బయటనే వదలడం వల్ల మొదటి ఫిర్యాదు పుడుతున్నది.

బజారులో సాధారణంగా దొరికే తెర 180 సెంటీమీటర్ల పొడవు, 180 సెంటీమీటర్ల వెడల్పు కలది. వలయాల వల్ల తెర కడ్డీకి 4 సెంటీమీటర్లు దిగి వ్రేలాడుతుంది, నేలకు పైన 3 సెంటీమీటర్లు వదలవలె అనుకొంటే, కడ్డీ నేలనుండి 187 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలె. గుడ్డ తెర అంచును కొంచెం పైకి మడిచి కుట్టించుకోవచ్చు. కిటికీ తెరలకు సందుకన్న రెట్టింపు వెడల్పు గుడ్డ వాడితే అందంగా ఉంటుంది. స్నానపు తెరకు అది పనికిరాదు. ఎన్ని మడతలుంటే అంత తడి నిలుస్తుంది. 150 సెంటీమీటర్ల సందుకు 180 సెంటీమీటర్ల తెర చాలు.

ఇట్టి తెరకు పై అంచున 12 రంధ్రాలుంటాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య దూరం 15 సెంటీమీటర్లు. తడిసిన తెరల బరువు కిలోన్నర అనుకొంటే, ఒక్కొక్క వలయం మోసేది 125 గ్రాములే. నాలుగు వలయాలు పోయినా ఫరవాలేదులే అని వదిలేస్తే, వాటి బరువు ప్రక్కనున్న వలయాల మీద పడుతుంది. ముఖ్యంగా రంధ్రపు అంచున బలం కేంద్రీకరిస్తుంది. అక్కడినుండే చిరుగు మొదలవుతుంది. లోహపు ఐలెట్ బిగించిన రంధ్రాలు గల తెర ఎక్కువ కాలం నిలవడానికి కారణం ఇదే.

కడ్డీ ఎందుకు ఊడిపడుతుంది?

గోడకు రంధ్రం చేయకుండ నిలిచే కడ్డీలు నేడు విరివిగా దొరుకుతున్నవి. గొట్టంలో స్ప్రింగు లేక మర ఉంటుంది. త్రిప్పిన కొలది గొట్టం పొడవై, రెండు కొనల నున్న రబ్బరు బిళ్ళలు ఎదురెదురు గోడలను నెట్టుతాయి. క్రిందికి లాగే బరువును మోసేది ఏది? మేకు లేదు, మర లేదు. రబ్బరుకూ గోడ పలకకూ నడుమగల ఘర్షణ ఒక్కటే.

ఘర్షణ బలం గోడను నెట్టే బలానికి అనులోమంగా ఉంటుంది. ఉదాహరణకు కడ్డీ, రెండు తెరలు, త్రాగిన నీరు అన్నీ కలిసి 2 కిలోల బరువు అనుకొందాం. ఒక్కొక్క కొన 1 కిలో మోయవలె. ఘర్షణ గుణకం 0.5 అయితే, కడ్డీ గోడను 2 కిలోల బరువుకు సమమైన బలంతో నెట్టితే చాలు. గోడమీద సబ్బు నీరు చేరి గుణకం 0.2కు దిగిందనుకొంటే 5 కిలోల బలం కావలె. ఇవన్నీ కడ్డీకి సాధ్యమైనవే. కాలు జారిన మనిషి పట్టుకొనడానికి వేరేదీ లేక కడ్డీని పట్టుకొన్నప్పుడు ఏమవుతుంది? అతడు తన బరువులో 40 కిలోలు మాత్రమే కడ్డీపై మోపినా, ఒక్కొక్క కొన 20 కిలోలు మోయవలె. దానికి కావలసిన నెట్టుడు పొడి గోడమీదనే 40 కిలోలు, తడి గోడమీద 100 కిలోలు. సాధారణ స్ప్రింగు కడ్డీ ఇంత ఇవ్వలేదు. అది ఊడి, పట్టుకొన్న మనిషితో పాటు నేలపై పడుతుంది. మనిషి దాని మీద నమ్మకం పెట్టుకొన్నాడు గనుక, కడ్డీ లేనప్పటి కంటె ఎక్కువ అదుపు తప్పి పడతాడు.

కాబట్టి స్నానపు తెర కడ్డీ చేతిపట్టు కాదన్న మాట ఇంటిలో పిల్లలకూ పెద్దలకూ చెప్పి ఉంచవలె. చేతిపట్టు కావలెనంటే తుప్పు పట్టని ఉక్కు కడ్డీని, ఇటుక గోడలోనో కాంక్రీటులోనో లోతుగా మరలు దించి, వేరుగా బిగించవలె. వృద్ధులున్న ఇంటిలో తెర కంటె ముందు కొనవలసినది ఇదే.

కడ్డీ వంపు కూడ గమనింపదగినది. ఒకే మొత్తం బరువు మోసే కడ్డీ పొడవు రెట్టింపు అయితే, నడుమ వంపు ఎనిమిది రెట్లవుతుంది. అనగా వంపు పొడవు యొక్క ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. కడ్డీ వంగితే కొనల నున్న బిళ్ళలు గోడకు సమంగా ఆనక, పై అంచునో క్రింది అంచునో మాత్రమే ఆనుతాయి. మూడున్నర, నాలుగు అడుగుల సందుకు స్ప్రింగు కడ్డీ చాలవచ్చు గాని, ఆరడుగులకు గోడలో మరలతో బిగించిన కొక్కేలే మేలు. అదిగాక, ఒత్తిడిలో ఉన్న రబ్బరు దినదినం కొంచెం లొంగిపోతుంది, నెట్టుడు సన్నగిల్లుతుంది. నెలకొకసారి కడ్డీని త్రిప్పి బిగించడం మంచిది. గోడకు రంధ్రం చేసేవారు మొదట లోపలి నీటి గొట్టాలు, గీజరుకు పోయే విద్యుత్తు తీగలు ఎటు పోతున్నవో తెలిసికోవలె. పలక నున్నగా ఉంటుంది గనుక బరమా జారకుండ, గుర్తు పెట్టిన చోట అంటుకొనే కాగితపు పట్టీ అతికించి, సుత్తి పోటు లేకుండ నెమ్మదిగా మొదలుపెట్టవలె.

తెర లోపలికి ఎందుకు వస్తుంది?

ఇక రెండవ ఫిర్యాదు. షవరు విప్పగానే తెర మెల్లమెల్లగా లోపలికి ఉబికి, కాళ్ళకు చుట్టుకొంటుంది. తెర లోపలి గాలి పీడనం బయటి దానికన్న కొంచెం తగ్గితేనే ఇది సాధ్యం. ఎంత తగ్గవలె?

0.1 మిల్లీమీటరు మందం గల పాలిథీన్ లైనరును తీసుకొంటే, 180 సెంటీమీటర్ల చదరానికి దాని బరువు సుమారు 300 గ్రాములు, అనగా 2.94 న్యూటన్లు. దాని వైశాల్యం 3.24 చదరపు మీటర్లు. రెండు వైపులా పీడనభేదం పాస్కల్‌లో పదోవంతు ఉన్నదనుకొంటే తెరమీది బలం 0.324 న్యూటన్లు. ఇది బరువులో తొమ్మిదో వంతు. పై అంచును ఇరుసుగా పెట్టి భ్రామకాలు లెక్కిస్తే, అడుగు అంచు ఇంచుమించు 20 సెంటీమీటర్లు లోపలికి జరుగుతుంది. వాతావరణ పీడనం లక్ష పాస్కళ్ళు. అందులో పదిలక్షలవ వంతు తేడాకే తెర జానెడు దూరం కదులుతున్నది! మడతలు లేని చదునైన తెరకు వేసిన లెక్క ఇది. అయినా తెర ఎంత సున్నితమైన పీడనమాపకమో దీనివల్ల తెలుస్తుంది.

ఈ తేడా ఎక్కడనుండి వస్తుంది? మొదటి సమాధానం పొగగొట్టపు సూత్రం. వేడినీళ్ళు పడుతుంటే తెరలోపలి గాలి వేడెక్కి తేలికవుతుంది. 25 డిగ్రీల వద్ద ఘనమీటరు పొడిగాలి 1.184 కిలోలు తూగితే, 35 డిగ్రీల వద్ద 1.146 కిలోలే తూగుతుంది. తేలికైన గాలి పైకి పోతుంది. క్రింది సందునుండి చల్లగాలి లోపలికి దూరుతూ తెరను నెట్టుతుంది. 180 సెంటీమీటర్ల ఎత్తుకు లెక్క కడితే అడుగున పీడనభేదం సుమారు 0.67 పాస్కల్ వరకు ఉండవచ్చు. పైకి పోయిన కొలది ఇది తగ్గుతుంది. చలికాలంలో గీజరు నీళ్ళతో స్నానం చేసేటప్పుడు తెర ఎక్కువ అల్లరి చేయడానికి కారణం ఇదే.

కాని చల్లని నీళ్ళు పడుతున్నా తెర లోపలికి వస్తుంది. అందువల్ల పొగగొట్టపు సూత్రమే పూర్తి సమాధానం కాదు. కొందరు దీనికి బెర్నౌలీ సూత్రాన్ని చెప్పినారు. వేగంగా కదిలే ద్రవంలో పీడనం తగ్గుతుందని డేనియల్ బెర్నౌలీ 1738లో ప్రకటించిన తన గ్రంథంలో వివరించినాడు. పడే నీటిబొట్లు గాలిని తమతో లాగుకొనిపోతాయి గనుక లోపల పీడనం తగ్గుతుందని వీరి వాదం. ఇది వినడానికి బాగున్నది గాని, బొట్లు గాలికి నిరంతరం శక్తిని అందిస్తూ ఉన్నప్పుడు ఆ సూత్రాన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు.

2001లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ ష్మిట్ ఈ ప్రశ్నను కంప్యూటరుకు అప్పగించినాడు. స్నానపు తొట్టి, షవరు, తెర గల ప్రదేశాన్ని వేలకొలది చిన్న గదులుగా విభజించి, ప్రతి గదిలో గాలి ఎటు ఎంత వేగంతో పోతున్నదో లెక్క కట్టించినాడు. గాలి నిరోధం వల్ల బొట్ల వేగం తగ్గుతుంది. ఆ నిరోధానికి ప్రతిక్రియగా గాలి కదిలి, సుడి తిరుగుతుంది. వేసవిలో మైదానాలమీద లేచే సుడిగాలి నిలువుగా ఉంటుంది. ఈ సుడి దానిని ప్రక్కకు పడవేసినట్లు, తెరకు లంబంగా ఉండే అడ్డపు ఇరుసు చుట్టూ తిరుగుతుంది. తుపాను నడుమ వలెనే దీని నడుమ కూడ పీడనం తక్కువ. ఆ అల్పపీడనమే తెరను పీల్చుతుంది. షవరు ఆగేవరకు బొట్లు ఈ సుడికి శక్తినిస్తూనే ఉంటాయి గనుక అది అణగదు. మొదట నవ్వించి, పిమ్మట ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమానం ఆ ఏడు భౌతికశాస్త్రంలో ఈయనకు లభించింది. అయితే ఇది పాక్షిక సమాధానమేనని ఆ బహుమాన పత్రంలోనే పేర్కొన్నారు. వేడి, సుడి, బొట్ల వేగం - వీటిలో దేని పాలు ఎంత అన్నది ఆయా గదినిబట్టి మారుతుంది.

అంతస్తుల ఇళ్ళలో ఇది స్పష్టంగా కనబడుతుంది. మేడమీది తొట్టినుండి షవరుకు గల ఎత్తు నాలుగు రెట్లయితే, గొట్టపు ఒరపిడి లెక్కించకపోతే, నీటి వేగం రెట్టింపవుతుంది. తొట్టికి మూడు మీటర్ల క్రింద ఉన్న పై అంతస్తు షవరులో వేగం సెకండుకు దాదాపు 7.7 మీటర్లు, పన్నెండు మీటర్ల క్రింద 15.3 మీటర్లు. నిజానికి గొట్టాలలో కొంత వేగం నష్టమవుతుంది. అయినా పై అంతస్తులో బుద్ధిగా ఉన్న తెర క్రింది అంతస్తులో అల్లరి చేయవచ్చు.

బరువు ఎక్కడ కట్టవలె?

తెరను అదుపులో పెట్టడానికి సులువైన మార్గం బరువు కట్టడం. ఆ బరువును అడుగు అంచున కట్టవలె. తెర సొంత బరువు దాని గురుత్వకేంద్రం వద్ద, అనగా సగం ఎత్తులో పనిచేస్తుంది. అడుగున కట్టిన బరువు పూర్తి ఎత్తు దూరంలో పనిచేస్తుంది. కావున దాని భ్రామకం రెట్టింపు. పై లైనరుకు అడుగున మొత్తం 300 గ్రాముల బరువు, సమదూరాలలో చిన్న చిన్న ముక్కలుగా కుట్టితే, అది 600 గ్రాములు తెరలో కలిపినంత పని చేస్తుంది. వెనుకటి పీడనభేదానికే 20 సెంటీమీటర్లు కదిలిన అంచు ఇప్పుడు 7 సెంటీమీటర్ల లోపే కదులుతుంది. తుప్పు పట్టని ఉక్కు గొలుసును అంచు మడతలో దూర్చి కుట్టవచ్చు.

తెర ఒంటికి ఒకసారి అంటుకొంటే వదలకపోవడానికి కారణం పీడనభేదం కాదు. నడుమ చిక్కుకొన్న పలుచని నీటిపొర. తడిసిన రెండు గాజు పలకలను విడదీయడం ఎంత కష్టమో ఇదీ అంతే. స్నానానికి ముందు లైనరు చివరలను గోడకు తడిచేసి అద్దితే, అదే నీటిపొర ఈసారి ఉపకారం చేస్తుంది; ప్రక్క సందులనుండి నీరు పోదు.

బకెట్టు, చెంబుతో స్నానం చేసే ఇళ్ళలో సుడి బాధ లేదు. అక్కడ నీరు నేలను తాకి పైకి చిందుతుంది. లైనరు క్రింది మీటరు భాగం బిగువుగా, గట్టుకు లోపలగా ఉంటే చాలు.

తడి, బూజు

తెర ప్రమాదాన్ని తప్పించినట్లే, పట్టించుకొనకపోతే వేరొక బాధను తెచ్చిపెడుతుంది. స్నానం కాగానే తెరను ఒక మూలకు ప్రోగుచేస్తే మడతల నడుమ గాలి ఆవిరితో నిండి, తడి ఆరదు. వానాకాలంలో బయటి గాలిలోనే ఆవిరి హెచ్చుగా ఉంటుంది గనుక ఆరడం ఇంకా ఆలస్యమవుతుంది. తడి, వెచ్చదనం, సబ్బు పేరుకొన్న పొర - ఈ మూడూ ఉన్నచోట నల్లని బూజు, గులాబీరంగు జిగురు పుడతాయి. ఈ గులాబీ జిగురు తరచుగా సెరాషియా మార్సెసెన్స్ అనే సూక్ష్మజీవి పెంపు. తెరను పూర్తిగా పరచి, లైనరును గుడ్డనుండి విడదీసి, గాలి పోయే పంకాను మరి కొంతసేపు తిరగనిస్తే ఇవి తగ్గుతాయి.

బోరునీళ్ళు వాడే ఇళ్ళలో తెరమీద తెల్లని మచ్చలు కడతాయి. ఇవి కఠినజలంలోని కాల్షియం కార్బొనేటు. నిమ్మరసం లేక వెనిగరు దీనిని కరిగిస్తుంది. బూజుకు పలుచని బ్లీచింగు ద్రావణం పనిచేస్తుంది. కాని ఈ రెండూ ఒకేసారి వాడరాదు. బ్లీచింగు పౌడరుతో ఆమ్లం కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మరుగుదొడ్డి కడగడానికి తెచ్చే యాసిడ్ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. చిన్న గదిలో, తలుపు మూసికొని ఈ పొరపాటు చేస్తే ప్రాణానికే ముప్పు.

విద్యార్థులకు మూడు ప్రయోగాలు

1. తడి పలకపైన, పొడి పలకపైన రబ్బరు అడుగు గల ఒక బరువును స్ప్రింగు త్రాసుతో లాగి, కదిలించడానికి ఎంత బలం కావలసి వచ్చిందో వ్రాసికోవలె. తరువాత సబ్బు నీటితో తిరిగి చేయవలె. కాలు జారడమూ, కడ్డీ ఊడడమూ ఒకే కారణంవల్లనని తేలుతుంది.

2. ఒక మీటరు పాలిథీన్ ముక్కను కర్రకు కట్టి వ్రేలాడదీసి, కొంత దూరంనుండి పంకా గాలి తగిలించవలె. నాలుగు రూపాయి బిళ్ళలను మొదట పై అంచున, తరువాత నడుమ, ఆపైన అడుగు అంచున అతికించి, అడుగు ఎంత జరిగిందో కొలవవలె.

3. తెర అడుగు సందుకు దూరంగా, ప్లాస్టిక్కుకు తగలకుండ, ఒక అగరవత్తి పెట్టి, షవరు విప్పి పొగ ఎటు పోతుందో చూడవలె. మొదట చల్లని నీళ్ళతో, తరువాత గోరువెచ్చని నీళ్ళతో చేసి రెండింటినీ పోల్చవలె. ఇది పెద్దల సమక్షంలో చేయవలసిన ప్రయోగం.

గుడ్డ మరుగునిస్తుంది, ప్లాస్టిక్ నీటిని మోరీకి మళ్ళిస్తుంది, గట్టు పారే నీటిని ఆపుతుంది, కడ్డీ తెరను మోస్తుంది. వీటిలో ఏదీ మనిషిని మోయదు. ఇంటిలోని తాతకో అవ్వకో పొడినేల మీద నడిచే భరోసా కలిగించడానికే తెర. జారినప్పుడు పట్టుకొనడానికి కావలసినది గోడలో దిగిన ఉక్కు చేతిపట్టు. ఈ తేడాను తెలిసికొన్న విద్యార్థి నేడు సాయంకాలం ఇంటికి పోయి, తమ స్నానాల గదిలో కడ్డీ దేనిమీద నిలిచి ఉన్నదో ఒకసారి చూస్తే, చదివిన చదువు సార్థకమైనట్లే.